మామూ వెతికిన చోటు

మా మామూ పోయారన్న కబురు నేను కాలేజీ లైబ్రరీలో ఉండగా వచ్చింది. ఫోన్ చేసింది అబ్బా, మా నాన్న. హనుమకొండ చౌరస్తా దగ్గర మాది టైలరింగ్ దుకాణం. అబ్బా ఎప్పుడు ఫోన్ చేసినా వెనకాల కుట్టుమిషన్ల చప్పుడు వినిపిస్తుంది. ఆ రోజు వినిపించలేదు. “బేటా, ఇంటికి రా” అన్నాడు. ఎందుకని అడిగాను. “మీ మామూ పోయిండు. పొద్దుగాల డయాలసిస్‌కు తీస్కపోయినం. మంచం ఎక్కకముందే...” అని ఆగిపోయాడు. చదువుతున్న పుస్తకాన్ని మూసి, తీసిన అరలోనే, తీసిన చోటే పెట్టి వచ్చాను. అంత జాగ్రత్త ఎందుకు పడ్డానో అప్పుడు తెలియలేదు. కనీసం ఏదో ఒకటి దాని చోట అది ఉండాలని అనిపించింది కాబోలు.

మామూ మా అమ్మీకి అన్న. మీలో ఎవరైనా ఈ ఊళ్ళో ఇంటర్ చదివి ఉంటే ఫిజిక్స్ సార్‌గా ఆయన మీకు తెలిసి ఉండవచ్చు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, చాక్‌పీసు పొడి అంటిన మోచేతులు. అమ్మీవాళ్ళది మరిపెడ దగ్గరి పల్లె. ఆ వైపు మావాళ్ళ ఇళ్ళలో మాట్లాడేది తెలుగే, మధ్యమధ్య ఉర్దూ మాటలు దొర్లుతుంటాయి. మామూ పాఠం కూడా అలాగే చెప్పేవారట. “జర ఆలోచించు, ఫికర్ చెయ్యకు, రాకపోతే మళ్ళా చెప్త” అనడం ఆయన అలవాటు. ఆయన చనిపోయిన రోజు సుబేదారిలోని ఆ చిన్న ఇంటి ముందు చెప్పులు వీధి మలుపు దాకా ఉన్నాయి. అవన్నీ ఎప్పుడో ఒకప్పుడు పాఠం రాక, మళ్ళీ చెప్పించుకున్నవాళ్ళవే.

రిటైరయ్యాక ఆయన చేసిన పని ఒక్కటే. నెప్ట్యూన్‌కు ఎంతో అవతల, మన సూర్యుడి చుట్టూనే, ఇప్పటిదాకా ఎవరి కంటా పడని గ్రహం ఒకటి తిరుగుతూ ఉండవచ్చని కొందరు శాస్త్రవేత్తలు అంటున్నారు. మామూ దాన్ని వెతికేవారు. ఇంటి ముందు గదిలో, పాత కంప్యూటర్ ముందు కూర్చుని, రోజూ సాయంత్రం నమాజు తర్వాత వెతికేవారు.

ఈ మాట చెబితే నవ్వేవాళ్ళే ఎక్కువ. అందరికంటే ఎక్కువ నవ్వింది మా అబ్బా. “మీ మామూకు ఇంట్ల పెట్టుకున్న కండ్లద్దాలు దొరకయి. కొత్త గ్రహం దొరుకుతదట!” అనేవాడు. బావామరదుల వేళాకోళానికి మా ఇంట్లో అడ్డూ అదుపూ లేదు. మామూ కూడా తక్కువ తినలేదు. “నువ్వు తీస్కున్న కొలతలకు బట్ట కుడితే అది ఎవ్వల ఒంటికి పడ్తదో వెతుకుడు ఇంక కష్టం, మియా” అనేవారు.

వెతకడం ఎలాగో మీకు చెప్పాలి. పెద్దపెద్ద దూరదర్శినులు తీసిన ఆకాశపు చిత్రాలు కొన్నాళ్ళకు అందరూ చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెడతారు. ఆకాశంలో ఒకే ముక్కను వేర్వేరు రోజుల్లో తీసిన రెండు చిత్రాలను మామూ తెచ్చుకునేవారు. ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేలా సర్దేవారు. తర్వాత కీబోర్డు మీద ఎడమ బాణం, కుడి బాణం, ఎడమ బాణం, కుడి బాణం. మొదటి చిత్రం, రెండో చిత్రం, మళ్ళీ మొదటిది. నక్షత్రాలు ఎంతో దూరాన ఉంటాయి కాబట్టి రెండింటిలోనూ కదలవు. మన సూర్యుడి ఇంటివాళ్ళు మాత్రం కదులుతారు. కదిలినదాన్ని పట్టుకోవాలి. అంతే పని. కానీ ఒక్కో చిత్రంలో చుక్కలు చల్లిన ఆవాలలా ఉంటాయి.

“కదిలినయన్ని గ్రహాలేనా?” అని మొదట్లో అడిగాను.

“ఏడికెల్లి? జోరుగ ఉరికేటియి గ్రహశకలాలు, అవి బొచ్చెడు. గీత లెక్క పోయేటియి ఉపగ్రహాలు. ఒక్కదాంట్ల ఉండి ఇంకోదాంట్ల లేనియి ఊకె కెమెరా మీద పడ్డ మచ్చలు. మనకు గావల్సింది జర జర, జర జర జరిగేది.”

అలా అనుమానంగా కనిపించిన ప్రతి చుక్కనూ ఆయన ‘ఉమ్మీద్‌వార్’ అనేవారు. ఉర్దూలో అభ్యర్థి అని అర్థం. ఆశ పెట్టుకున్నవాడు అని కూడా. అప్పుడప్పుడే నాకు మాటల పిచ్చి పడుతోంది. దీనికి తెలుగులో అంత మంచి మాట వెతకమని నాకు పని అప్పగించారు. ఇంకా దొరకలేదు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నవన్నీ ఇంట్లో దొరికే సామానుతోనే. నేను పదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం కరెంటు పోయింది. మామూ అందరినీ డాబా మీదకు పిలిచి, అబ్బా చేతికి ఒక స్టీలు పళ్ళెం ఇచ్చారు.

“నేను టైలర్‌ను బావా, గ్రహాన్ని గాను.”

“ఇయ్యాల్టికి గ్రహమే. ఆ మూలకు పోయి నిలబడు.”

మామూ చేతిలోని టార్చి సూర్యుడు. వెలుతురు పళ్ళెం మీద పడి, పళ్ళెం మసకగా మెరిసింది. “దూరం రెండింతలైతే ఈ మెరుపు ఎంతైతది?” అని అడిగారు. సగం అన్నాను.

“పోయేటప్పుడే నాలుగో వంతైతది. తట్టుకొని తిరిగొచ్చేటప్పుడు అండ్ల మళ్ళా నాలుగో వంతు. పదహారో వంతు బేటా! నక్షత్రానికి సొంత దీపం ఉంటది. ఈ పిచ్చిదానికి లేదు. అంత దూరం పోయిన వెలుగును ఎరువు తెచ్చుకొని, మళ్ళా మన దాక పంపాలె. అందుకే కనబడది. ఇంక వెనక్కు జరుగు మియా!”

“ఇంక జరిగితే పిట్టగోడ దుంకాలె బావా!”

“దుంకు. నెప్ట్యూన్ దాటినంక గోడలు లేవు.”

డాబా అంతా నవ్వులే. కింద నుంచి ముమానీ, అంటే మామూ భార్య, ఆ పళ్ళెం అన్నానికి కావాలని అరిచింది. సౌరకుటుంబంలోని చివరి గ్రహం మెట్లు దిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మరోసారి దసరా సెలవుల్లో ఏటూరునాగారంలో ఆయన పాత శిష్యుడి పెళ్ళికి వెళ్ళి, బస్సులో తిరిగి వస్తున్నాం. నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టారు. రోడ్డు పక్క టేకుచెట్లు వెనక్కి ఉరుకుతున్నాయి, వాటి వెనక పొలాలు నింపాదిగా జరుగుతున్నాయి, అడవి అవతలి గుట్ట మాత్రం మాతోపాటే వస్తున్నట్టుంది. “మన భూమే ఈ బస్సు. గుట్ట ఎంత జరిగిందో చెప్పు” అన్నారు. ఎంత చూసినా తెలియలేదు. “ఆ గుట్ట మీద ఒక్క ఆకు జరిగిందా లేదా చూసుడు అసుమంటిది మన పని.” ఇంకొంత దూరం వచ్చాక బస్సు చెడిపోయింది. అప్పుడే చీకటి పడుతోంది. డ్రైవరు, కండక్టరు టైరు దగ్గర గొడవ పడుతుంటే మేం రోడ్డు మీద నిలబడి తల ఎత్తాం. పాలపుంత అంటే పుస్తకంలో బొమ్మే తెలిసినదాన్ని, ఆ రోజు నోరు తెరిచి ఉండిపోయాను. మామూ మాత్రం నిట్టూర్చారు. “గిండ్లనే, గిన్ని చుక్కల నడుమ ఎక్కడన్న ఉంటే ఇగ దొరికినట్టే. మేడారం జాతరల తప్పిపోయిన పిలగాన్ని, వాని అంగీ రంగు తెల్వకుంట వెతికినట్టు.”

వెతికేవాళ్ళ కథలు ఆయన దగ్గర చాలా ఉండేవి. రెండు మాత్రం మళ్ళీమళ్ళీ చెప్పేవారు. నెప్ట్యూన్‌ను గ్రహమని గుర్తించడానికి రెండు వందల ఏళ్ళకు పైగా ముందే ఒకాయన దూరదర్శినిలో దాన్ని చూశాడట. చూసి, నక్షత్రం అనుకుని ఊరుకున్నాడట. ఆ తర్వాతి కాలంలో బుధుడికి, సూర్యుడికి మధ్య మరో గ్రహం ఉండి తీరాలని లెక్క తేలితే, చాలామంది దాన్ని ‘చూశారట’. పేరు కూడా పెట్టేశారట. అది లేనే లేదు. “ఉన్నదాన్ని చూసి కూడా గుర్తువట్టలేదు. లేనిదాన్ని మాత్రం మస్తుమంది చూసిండ్రు. చూడాలని ఆశపడే కన్ను శాన తొందరగ చూస్తది బేటా” అనేవారు.

ఈ చివరి మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. మా గల్లీలో రంజాన్ ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం పుట్టింది.

ఆ సాయంత్రం నెలవంక కనబడితే మర్నాడే పండుగ. లేకపోతే ఇంకో రోజు ఉపవాసం. సూర్యుడు అస్తమించగానే గల్లీలోని డాబాలన్నీ నిండిపోతాయి. చూశామని ఎవరైనా మసీదు పెద్దల ముందు సాక్ష్యం చెప్పాలి. పిల్లలకు చంద్రుడు కనబడాలి. టైలర్లకు కనబడకూడదు. ఇంకా కుట్టాల్సిన బట్టలు కుప్పలుగా ఉంటాయి కాబట్టి అబ్బా మెడలో టేపుతోనే డాబా ఎక్కి, మబ్బు పట్టమని దువా చేసేవాడు. ఒక ఏడు నిజంగానే పడమట మబ్బు పట్టింది. అయినా పిల్లలంతా “అగో చాంద్! అగో చాంద్!” అని ఎగరడం మొదలుపెట్టారు.

మామూ అందరినీ వెనక్కి తిరిగి కళ్ళు మూసుకోమన్నారు. “ఇగ ఒక్కొక్కరు తిరిగి, ఎక్కడ చూసిండ్రో వేలు పెట్టి చూపియ్యుర్రి. పక్కోని వేలు చూడొద్దు.” తీరా చూస్తే ఒక వేలు నీళ్ళ ట్యాంకు వైపు, ఒక వేలు సెల్ టవర్ వైపు, ఒకటి దాదాపు దక్షిణానికి. పెద్దవాళ్ళకు కూడా నవ్వు ఆగలేదు.

మసీదు పెద్దాయన అడిగారు, “సార్, మీ సంగతేంది?”

“నాకు కనబడలేదు.”

“ఎట్ల కనబడ్తది? బావ దుకాణంల బ్లౌజులు పెండింగ్ ఉన్నయి గదా!” అని వెనక నుంచి ఎవరో అన్నారు. అబ్బా ఆనందంగా మామూ వీపు తట్టాడు. అలా తట్టిన కాసేపటికే వేరే ఊళ్ళో నెలవంక కనబడిందని, రేపే పండుగని కబురు వచ్చింది. అబ్బా మెట్ల మీద నుంచి దాదాపు దొర్లుకుంటూ దుకాణానికి పరుగెత్తాడు. పిల్లలు మామూ చుట్టూ చేరి గేలి చేశారు. “దేశమంత చూసింది సార్, మీకొక్కరికే కనబడలే!”

“నేను లేదన్ననార? నాకు కనబడలేదన్న. రెండు ఒక్కటేనా?” అని ఆయన కూడా నవ్వారు.

అంతటి మనిషీ ఒకసారి మోసపోయారు. చిత్రాన్ని పక్కకు జరుపుతూ చూస్తుంటే ఒక చుక్క నక్షత్రాల మధ్య నుంచి చక్కగా నడుచుకుంటూ పోతోంది. ఆయన ఊపిరి బిగబట్టి ముమానీని పిలిచారు. ముమానీ వచ్చి, వంగి చూసి, వేలితో గీకి, వాసన చూసింది. “మీ గ్రహం పోపు వాసన వస్తాంది” అంది. మధ్యాహ్నం అక్కడే కూర్చుని పప్పన్నం తిన్నారట. అప్పటి నుంచి పని మొదలుపెట్టే ముందు ఆ తెరను చేతిరుమాలుతో తుడవడం ఆయనకు నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకున్నంత నియమమైంది.

నిరుటి చలికాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఆయన తెర తుడుస్తున్నారు. మామూలుగా ఒకసారి తుడుస్తారు. ఆ రోజు తుడుస్తూనే ఉన్నారు. “కూసో. నేనేం చెప్ప. నువ్వే చూడు” అని కుర్చీ ఇచ్చి వెనక నిలబడ్డారు.

మూడు చిత్రాలు, వేర్వేరు రోజులవి. నేను బాణాలు నొక్కుతూ పోయాను. చాలాసేపు ఏమీ తెలియలేదు. తర్వాత కింది వైపు, జంట నక్షత్రాల పక్కన, ఉందా లేదా అన్నట్టున్న ఒక బూడిద చుక్క. మొదటి దాంట్లో ఇక్కడ. రెండో దాంట్లో సూదిమొనంత పక్కకు. మూడో దాంట్లో ఇంకొంచెం, అదే దారిలో. తల తిప్పి చూశాను. మామూ చూపు తెర మీద లేదు, నా ముఖం మీద ఉంది.

“జర జర జరిగేది” అన్నాను.

ముమానీ తెచ్చి పెట్టిన చాయ్ మీద మీగడ కట్టింది.

ఆ సాయంత్రం అబ్బా జిలేబీ పొట్లంతో వచ్చాడు. “పేపర్ల ఏపిద్దామా బావా? రిపోర్టర్ మనోడే, వాని అంగీలన్ని నేనే కుడత. ‘వరంగల్ సార్ కొత్త గ్రహం’ అని పెద్దక్షరాలల్ల!”

“ఒద్దు మియా. మూడు వేర్వేరు మచ్చలు లైన్ల నిలవడ్డా మన కంటికి నడిచినట్టే కొడ్తది. ఇది నిజంగ ఉంటే ఎప్పుడు ఎక్కడ ఉండాల్నో లెక్క గడుత. నేను చెప్పిన జాగల నాలుగోసారి కనబడాలె. అప్పుడు జిలేబీ తెమ్మంట.”

“తెచ్చినయి ఏం జెయ్యాలె మరి?”

“ఇయి ఉమ్మీద్‌కు” అని ఒకటి తీసి నోట్లో వేసుకున్నారు.

నాలుగో చిత్రం అంత తేలిగ్గా రాలేదు. ఆ ముక్కను ఆ చలికాలంలో మళ్ళీ ఎవరూ తీయలేదు. ఎండాకాలం వచ్చేసరికి ఆ వైపు ఆకాశం సూర్యుడి వెలుగులో కలిసిపోయింది. వానలు వెనకబడ్డాక గానీ అది మళ్ళీ చీకట్లోకి రాదు. మామూ లెక్క కట్టి, అది అప్పటికి ఎక్కడ ఉండాలో ఒక చిన్న వలయం గీసి పెట్టుకున్నారు. ఆకాశం సంగతి ఆయనకు కచ్చితంగా తెలుసు. ఆయన మూత్రపిండాల సంగతి డాక్టర్లకు కచ్చితంగా తెలుసు. ఏది ముందు వస్తుందో ఎవరూ పైకి అనలేదు.

దవాఖానకు నేను తోడు వెళ్ళేదాన్ని. మామూకు ఒక చేతికి సూదులు, ఇంకో చేతితో లాప్‌టాప్ మీద బాణాలు. డయాలసిస్ దగ్గర పనిచేసే అబ్బాయి ఒకరోజు తొంగి చూశాడు.

“ఏం గేమ్ సార్ అది? దుష్మన్లు కనబడ్తలేరు?”

“కనబడకపోవుడే గేమ్.”

“గెలుస్తే ఏమొస్తది?”

“ఇంకో ఉద్యోగం. అది గ్రహం గాదు అని చెప్పెటోళ్ళందరికీ జవాబు చెప్పుడు.”

ఆ అబ్బాయి నవ్వుతూ వెళ్ళిపోయాడు. మామూ మరికొంతసేపు నొక్కి, ఆపేశారు. అసలు ఆ గ్రహమే లేదనే వాళ్ళూ ఉన్నారు. దూరాన కొన్ని చిన్న మంచు లోకాలు ఒకే వైపు వాలి తిరుగుతున్నాయి, పెద్దదేదో వాటిని లాగుతోంది అని ఒక లెక్క. మనం ఆ వైపే ఎక్కువ వెతికాం కనుక ఆ వైపువే ఎక్కువ దొరికాయి, అంతకు మించి ఏమీ లేదు అని ఇంకో లెక్క. మామూ నాకు ఈ రెండింటినీ ఎప్పుడూ సమానంగా చెప్పేవారు. నువ్వేది నమ్ముతావని అడిగితే, “నమ్ముడు నా పని గాదు, చూసుడు నా పని” అనేవారు. ఆ రోజు నేనేమీ అడగలేదు. యంత్రంలో ఆయన రక్తం తిరుగుతున్న గొట్టాన్ని చూస్తూ ఆయనే అన్నారు:

“ఉంటే బాగుండు బేటా.”

అన్నేళ్ళలో ఆయన నోట ఆ ఒక్కసారే విన్నాను. తర్వాత వెంటనే తేరుకుని, పాఠం చెప్పే గొంతుతో మిగతాది చెప్పారు. “ఆ ఫోటో అచ్చేసరికి నేను లేకుంటే నువ్వు చూడు. చూసింది చూసినట్టు చెప్పు. నా మీది ప్రేమతోని ఒక్క చుక్క కలపకు. మీ ముమానీకి చెప్పు. ఆమె నోరు తెరిచి అడగది. గని కావాలె ఆమెకు.”

శ్రావణపు ముసురులో ఆయన వెళ్ళిపోయారు. మట్టి ఇవ్వడానికి మగవాళ్ళు వెళ్ళిన కాసేపు వాన తెరిపిచ్చిందని అబ్బా చెప్పాడు. తిరిగి వచ్చాక మట్టి అంటిన చేతులు కడుక్కోకుండా అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు. మామూను వెక్కిరించడానికి కూడబెట్టుకున్న మాటలన్నీ ఏం చేయాలో తెలియనివాడిలా.

నాకు ఈమధ్య ‘వెలితి’ అన్న మాట పదేపదే గుర్తొస్తోంది. నిండుగా ఉన్నదానిలో కొంచెం తగ్గితేనే దాన్ని వెలితి అంటాం, పూర్తిగా ఖాళీ అయితే అనం. మామూ లేని సుబేదారి ఇల్లు ఖాళీగా లేదు. మామూ కూతుళ్ళు మా అక్కయ్యలు, వాళ్ళ పిల్లలు, వంటింట్లో పోపు, గేటు దగ్గర పాలవాడు, అన్నీ ఉన్నాయి. సాయంత్రం నమాజు తర్వాత ముందు గదిలోంచి రావాల్సిన కీబోర్డు టకటక చప్పుడు ఒక్కటే లేదు. ఆ వేళకు ఇంట్లో వాళ్ళందరూ మాట్లాడే గొంతులు కొంచెం పెంచుతారు. నేను గమనించాను.

వానలు పోయాయి. చలి మొదలైంది. ఆ ముక్క చిత్రం వచ్చేసిందని నాకు తెలుసు. తెలిసి కూడా తెరవలేదు. చూడనంత కాలం అది అక్కడ ఉండవచ్చు. పరీక్షలు ఉన్నాయని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి మామూతో కలిసి చేయాల్సిన పని అదొక్కటే మిగిలి ఉంది. చూస్తే అది కూడా అయిపోతుంది.

పోయిన శుక్రవారం ముమానీ అందరినీ భోజనానికి పిలిచింది. అన్నాలయ్యాక గిన్నెలు తీస్తూ, నా వైపు చూడకుండా, “ఆయన ఎదురుచూసిన ఫోటో అచ్చిందా బిడ్డా?” అంది. నోరు తెరిచి అడగదన్నారు మామూ. అడిగింది.

తెర తుడిచాను. అమ్మీ, అబ్బా నా వెనక నిలబడ్డారు. ముమానీ తడి చేతులతో గుమ్మంలోనే ఆగింది. కొత్త చిత్రాన్ని పాతదాని మీద సర్ది, మామూ గీసిన వలయాన్ని దాని మీదకు తెచ్చాను. జంట నక్షత్రాలు ఉన్నాయి. వలయం ఉంది. వలయంలో ఏమీ లేదు.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. వలయం పక్కన చూశాను, పైన చూశాను, కింద చూశాను. వెలుగు కొంచెం పెంచి చూశాను. చిత్రమంతటా ఉండే బూడిద రంగు మసక తప్ప ఇంకేమీ లేదు. వెనకటి చిత్రాల్లో ఆ చుక్క కంటే మసకగా ఉన్నవి కూడా ఇందులో చక్కగా కనబడుతున్నాయి. అది ఉండి ఉంటే కనబడేది.

“అగో!” అన్నాడు అబ్బా. “గక్కడ. బూడిద లెక్క. ఉన్నది గదా!”

“అది అంతటా ఉంది అబ్బా. ఉత్త మచ్చ.”

“జర మంచిగ చూడు. ఉన్నది. నాకు కొడ్తాంది.”

“లేదబ్బా.”

“అరే, మీ మామూకు కనబడ్డది, నాకు కనబడ్తాంది, నీకే ఎందుకు కనబడ్తలేదు? అంత చదువుకున్నవు!” ఇన్నేళ్ళూ ఆ గ్రహం మాటెత్తితే నవ్విన మనిషి, దాని కోసం నాతో కొట్లాడుతున్నాడు. అమ్మీ ఆయన భుజం మీద చేయి వేసింది. ఆయన గోడ వైపు తిరిగి, మెడలోని టేపును చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు.

అవును అనడం ఎంత తేలికో ఆ క్షణం తెలిసింది. ‘కొంచెం ఉన్నట్టుంది’ అంటే చాలు. మీరే చెప్పండి, ఎవరికి నష్టం? అబ్బా జిలేబీ తెస్తాడు. ముమానీ ఏడుస్తుంది, కానీ ఆ ఏడుపు వేరు. వేల ఏళ్ళకోసారి సూర్యుణ్ణి చుట్టి వచ్చేదాని విషయంలో నేను చెప్పిన అబద్ధం మా జీవితాల్లో బయటపడదు కూడా. మాట నాలుక మీదకు వచ్చి కూర్చుంది.

“నువ్వు చెప్పు బిడ్డా” అంది ముమానీ గుమ్మంలోంచి.

“లేదు ముమానీ. ఆయన చెప్పిన చోట లేదు. అవి మూడు వేర్వేరు మచ్చలు.”

బయట ఎవరిదో స్కూటర్ స్టార్ట్ కాలేదు, మళ్ళీ కొట్టారు, మళ్ళీ కాలేదు.

“అక్కడ లేదు. సరే” అంది ముమానీ కాసేపటికి. “ఆయన చూడని జాగలు ఇంక ఎన్ని ఉంటయి?”

“చాలా ఉన్నాయి. ఆయన చూసిందే కొంచెం.”

ఆమె లోపలికి వెళ్ళింది. వెళ్ళిపోయిందనుకున్నాం. చేతులు తుడుచుకుని తిరిగి వచ్చింది. నన్ను లెమ్మన్నట్టు భుజం తాకి, మామూ కుర్చీలో కూర్చుంది. ఆమె ఆ కుర్చీలో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. పాదాలు నేలకు అందక, కొంచెం ముందుకు జరిగింది.

“ఎట్ల చేస్తుండె? నాకు చూపియ్.”

ఇంకో ముక్క తెరిచాను. ఎవరూ వలయం గీయని ముక్క. రెండు బాణాలు చూపించాను. “ఇది నొక్కితే మొదటి రోజు. ఇది నొక్కితే రెండో రోజు.”

“కదిలింది ఏదన్న ఉంటే చెప్పాలె. గంతేనా?”

“అంతే.”

చూపుడు వేలుతో ఒకటి నొక్కింది. ఆగింది. ఇంకోటి నొక్కింది. ఎడమ, కుడి. మొదట తడబడుతూ, తర్వాత ఒక వరుసలో. అబ్బా గోడ దగ్గర నుంచి వచ్చి ఆమె వెనక వంగి నిలబడ్డాడు. సాయంత్రం కావొచ్చింది, గదిలో వెలుతురు పలచబడింది, ఎవరూ లైటు వేయలేదు. తెర మీద వేల చుక్కలు ఉన్నచోటే ఉన్నాయి. ముమానీ రెప్ప వేయకుండా నొక్కుతూనే ఉంది. ఆమె ముఖం మీద రెండు రోజుల ఆకాశం ఒకదాని తర్వాత ఒకటి వెలిగి, ఆరి, మళ్ళీ వెలుగుతోంది.